కంపెనీల జవాబుదారీతనం, యువత చదవాల్సిన కాగితాలు

విశాఖపట్నంలో గోపాలపట్నం దగ్గరున్న ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకు నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి వెలువడి 12 మంది చనిపోయిన సంగతి అందరికీ గుర్తుంది. అంతకు ఏడాది ముందు, 2019 మేలో, అదే కంపెనీ విస్తరణకు అనుమతి కోరుతూ దాఖలు చేసిన అఫిడవిట్‌లో, తాను తయారు చేస్తున్న సరుకు పరిమాణానికి తగినట్టుగా చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి తన దగ్గర లేదని స్వయంగా రాసి ఇచ్చిన సంగతి మాత్రం ప్రమాదం జరిగిన తర్వాతే పత్రికల్లోకి వచ్చింది. ఆ ఏడాది పాటు ఆ కాగితం ప్రభుత్వ కార్యాలయాల్లోని దస్త్రాల మధ్య ఉంది. ట్యాంకుకు కూతవేటు దూరంలో నిద్రపోతున్న ఊరికి అందులో ఏముందో తెలియదు.

నేను ఉత్తరాంధ్రలో ఒక డిగ్రీ కళాశాలలో రసాయన శాస్త్రం బోధిస్తాను, దానితోపాటు మొదటి సంవత్సరం విద్యార్థులకు పర్యావరణ విద్య పాఠాలు కూడా చెబుతాను. సుస్థిరాభివృద్ధిలో యువత పాత్ర అన్న అంశం మీద వ్యాసరచన పోటీలు, ర్యాలీలు, ప్రతిజ్ఞలు ఏటా జరుగుతూనే ఉంటాయి. వాటిలో విద్యార్థులకు మనం ఇచ్చే పని ఎప్పుడూ ఒక్కటే: మొక్క నాటడం, ప్లాస్టిక్ ఏరడం, నినాదం రాయడం. తమ ఊరి పక్కనున్న కంపెనీ ప్రభుత్వానికి ఏం రాసి ఇచ్చిందో చదివి, అది నిజమో కాదో చూసి, కాకపోతే రాతపూర్వకంగా అడగడం అనే పని మాత్రం వాళ్ల చేతికి ఇవ్వడం లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆ పని గురించే.

ముందు వెంకటాపురం విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రసాయన శాస్త్రం చదివే ఏ విద్యార్థికైనా అర్థమయ్యే తప్పులు అందులో ఉన్నాయి. స్టైరీన్ అణువులు వాటంతటవే గొలుసుకట్టుగా కలిసిపోయే స్వభావం గలవి. అలా కలిసేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి చర్యను మరింత వేగవంతం చేస్తుంది. అందుకే ద్రవాన్ని చల్లగా ఉంచాలి, టీబీసీ అనే నిరోధకాన్ని తగిన మోతాదులో కలుపుతూ ఉండాలి, ట్యాంకులో పై భాగం, కింది భాగం ఒకే ఉష్ణోగ్రతలో ఉండేలా ద్రవాన్ని తిప్పుతూ ఉండాలి. లాక్‌డౌన్ వల్ల మార్చి చివరి నుంచి ఉత్పత్తి ఆగిపోయింది గానీ ట్యాంకులో స్టైరీన్ మాత్రం అలాగే ఉండిపోయింది. నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ 2020 జులైలో ఇచ్చిన నివేదిక ట్యాంకు నిర్మాణంలోని లోపాన్ని, శీతలీకరణ చాలకపోవడాన్ని, ద్రవాన్ని కలియతిప్పే ఏర్పాటు లేకపోవడాన్ని, భద్రతా నిర్వహణ బలహీనంగా ఉండటాన్ని ఒక్కొక్కటిగా ఎత్తిచూపింది. కర్మాగారంలో 36 చోట్ల నుంచి సైరన్ మోగించే వీలున్నా ఆ రాత్రి ఎవరూ మోగించలేదని కూడా అందులోనే ఉంది. ఆస్పత్రుల్లో చికిత్స పొందిన వారి సంఖ్యను కమిటీ 585 గా నమోదు చేసింది. ఇవన్నీ లెక్కలేసి చెప్పగలిగిన, ముందుగా అడగగలిగిన విషయాలే తప్ప విధి రాత ఎంతమాత్రం కాదు.

ప్రమాదం తర్వాత చట్టం వేగంగానే కదిలింది. మరుసటి రోజే జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానుగా కేసు తీసుకుని 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమని కంపెనీని ఆదేశించింది, జూన్ 1న ఇచ్చిన ఉత్తర్వులో సంపూర్ణ బాధ్యత కంపెనీదేనని తేల్చింది. ఈ సంపూర్ణ బాధ్యత అన్న సూత్రం మన దేశంలో పుట్టిందే. భోపాల్ విషాదం జరిగిన ఏడాదికి, 1985 డిసెంబరులో, ఢిల్లీలోని శ్రీరామ్ కర్మాగారం నుంచి ఓలియం వాయువు లీకైన తర్వాత, న్యాయవాది ఎం.సి. మెహతా ఆ కర్మాగారం మీద అప్పటికే వేసి ఉన్న కేసులో సుప్రీంకోర్టు 1986లో దాన్ని ప్రకటించింది. ప్రమాదకరమైన వ్యాపారం చేసేవారు ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నామని చెప్పుకున్నా సరే, నష్టం జరిగితే పూర్తిగా భరించాల్సిందేనన్నది దాని సారాంశం. ఇది గొప్ప సూత్రమే. అయితే ఇది పనిచేయడం మొదలయ్యేది నష్టం జరిగాకనే. చనిపోయిన వారి కుటుంబానికి కోటి రూపాయల పరిహారం అందిందా లేదా అన్న దానికన్నా, ఆ మనిషి బతికుండగానే కంపెనీని ఎవరు ఏమని అడగగలిగేవారు అన్నది నాకు పెద్ద ప్రశ్నగా కనిపిస్తుంది.

ఇక్కడే కంపెనీలు యువతను ఏ రూపంలో పలకరిస్తున్నాయో చూడాలి. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం, నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవరు 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీలు, గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. పాఠశాలకు బల్లలు, ఊరికి మంచినీటి ప్లాంటు, కళాశాలకు మొక్కలు, విద్యార్థులకు టోపీలు ఈ డబ్బుతోనే వస్తాయి. అవి అవసరమైనవే, వాటిని నేను తక్కువ చేయను. మా కళాశాల ఆవరణలో నీడనిస్తున్న చెట్లలో కొన్ని అలా వచ్చినవే. కానీ మంచినీటి ప్లాంటు పెట్టిన కంపెనీని, అసలు ఈ ఊరి బోరు నీళ్లు తాగడానికి ఎందుకు పనికిరాకుండా పోయాయని అడిగే వరకూ మాట వెళ్లదు. ఫ్లెక్సీ ముందు నిలబడి ఫొటో దిగిన తర్వాత అలా అడగడం మర్యాద కాదన్న భావన విద్యార్థుల్లోనే కాదు, అధ్యాపకుల్లోనూ ఉంటుంది. ఆ 2 శాతం ఎక్కడ ఖర్చయిందో చెప్పడం ఒక నివేదిక అయితే, ఆ లాభం ఏ నీటితో, ఏ గాలితో, ఎవరి ఆరోగ్యంతో వచ్చిందో చెప్పడం వేరే నివేదిక. యువతకు మొదటిది రంగుల పుస్తకంగా అందుతుంది, రెండోది ఉన్న సంగతే తెలియదు.

రెండోది ఉంది. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021 మేలో బీఆర్‌ఎస్‌ఆర్ పేరుతో వ్యాపార బాధ్యత, సుస్థిరతల మీద ఒక నివేదికను ప్రవేశపెట్టి, 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి మార్కెట్ విలువలో మొదటి 1,000 స్థానాల్లో ఉన్న లిస్టెడ్ కంపెనీలకు తప్పనిసరి చేసింది. ఎంత నీరు తోడారు, ఎంత వ్యర్థం పుట్టింది, ఎంతమంది కార్మికులు ప్రమాదాల్లో చనిపోయారు, ఏయే జరిమానాలు పడ్డాయి, ఏ పర్యావరణ చట్టాన్ని ఉల్లంఘించారు వంటి ప్రశ్నలకు కంపెనీ అందులో సమాధానం రాయాలి. కామర్స్ విద్యార్థులు బ్యాలెన్స్ షీట్ చదవడం మూడేళ్ల పాటు నేర్చుకుంటారు. అదే వార్షిక నివేదికలో కొన్ని పేజీల అవతల ఉండే ఈ భాగాన్ని చదవడం మాత్రం వాళ్లకు ఎవరూ నేర్పరు. రెండు మూడేళ్ల నివేదికలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక్క టన్ను సరుకుకు వాడిన నీరు తగ్గిందో పెరిగిందో, పర్మినెంట్ ఉద్యోగులకు, కాంట్రాక్టు కార్మికులకు మధ్య భద్రతా శిక్షణలో ఎంత తేడా ఉందో డిగ్రీ విద్యార్థికి సులభంగానే అర్థమవుతుంది.

అయితే ఈ నివేదికకు ఒక పెద్ద పరిమితి ఉంది. ఎల్‌జీ పాలిమర్స్ ఇండియా కొరియా కంపెనీకి అనుబంధంగా ఉన్న ప్రైవేట్ లిమిటెడ్ సంస్థ. అంటే ఇలాంటి నియమం అప్పట్లో ఉన్నా అది దానికి వర్తించేది కాదు. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల్లో నక్కవాగును, దాని వెంట ఉన్న పొలాలను పాడుచేసిన మందుల కంపెనీల్లో అనేకం ఇలా స్టాక్ మార్కెట్ కంటికి కనిపించని చిన్న, మధ్య తరహా యూనిట్లే. స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనం, పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని చెప్పినప్పుడు ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే స్థాయి కన్నా అది చాలా ఎక్కువ. ఆ ఊళ్లలో డాక్టరుగా పనిచేసిన అల్లాని కిషన్‌రావు గారు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే రోగులను చూస్తూ, కోర్టుల చుట్టూ తిరుగుతూ ఈ కాలుష్యం గురించి చెబుతూనే ఉన్నారు. మందుల కంపెనీల వ్యర్థ జలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా ప్రకటించింది. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు. ముసాయిదా మీద అభ్యంతరాలు రాసిన వారిలో కంపెనీల సంఘాలు ఎంత బలంగా ఉంటాయో, ఆ వాగు ఒడ్డున పుట్టి పెరిగిన యువతీయువకులు అంత బలంగా ఉండి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన నన్ను వదలదు.

కాబట్టి స్టాక్ మార్కెట్‌తో సంబంధం లేకుండా ప్రతి పెద్ద పరిశ్రమకూ వర్తించే కాగితాల దగ్గరికి రావాలి. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ వాటికి ఆధారం. దాని ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ అవసరమైన ప్రాజెక్టులకు, సభకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి, ముసాయిదా నివేదిక కలెక్టర్ కార్యాలయంలో, జిల్లా పరిషత్తులో, పంచాయతీ కార్యాలయంలో అందుబాటులో ఉండాలి, దాని సారాంశం స్థానిక భాషలో ఉండాలి. సభను వీడియో తీయాలి, హాజరైన ప్రతి ఒక్కరికీ వివరణ అడిగే అవకాశం ఇవ్వాలి, వచ్చిన అభ్యంతరాల సారాంశాన్ని చివర్లో స్థానిక భాషలో చదివి వినిపించాలి. సభ మొదలుపెట్టడానికి కనీసం ఇంతమంది ఉండాలన్న నిబంధన లేదు. అంటే మనం వెళ్లకపోయినా అది జరిగిపోతుంది. అనుమతి వచ్చాక కూడా కథ అయిపోదు. అనుమతిలో పెట్టిన షరతులను ఎలా పాటిస్తున్నదీ కంపెనీ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న ఆరునెలల నివేదికలుగా సమర్పించాలి, అవి బహిరంగ పత్రాలని అదే నోటిఫికేషన్ చెబుతోంది.

ఒకసారి మా జిల్లాలో ఒక రసాయన పరిశ్రమ విస్తరణ మీద జరిగిన అలాంటి సభకు విద్యార్థులతో కలిసి వెళ్లాను. ఎండాకాలం, పెద్ద షామియానా, గేటు నుంచి వేదిక దాకా పోలీసు బందోబస్తు, ముందు వరుసల్లో కంపెనీ బస్సుల్లో వచ్చినవారు. వేదిక మీద జాయింట్ కలెక్టర్ గారు, పక్కన కాలుష్య నియంత్రణ మండలి ఇంజనీరు గారు. మొదటి గంటంతా నాయకులు మాట్లాడారు, అందరూ ఉద్యోగాల గురించే మాట్లాడారు. ఆ తర్వాత మా రెండో సంవత్సరం విద్యార్థిని ఒకమ్మాయి పేరు రాయించుకుని మైకు తీసుకుంది. ఆమె చేతిలో తెలుగు సారాంశం ఉంది, అంచులు నలిగిపోయి, మధ్యలో పెన్సిలు గీతలతో. రోజుకు ఇన్ని కిలోలీటర్ల నీరు కావాలని రాశారు గానీ అది ఎక్కడి నుంచి వస్తుందో ఒకచోట కాలువ అని, ఇంకోచోట బోర్లు అని రాశారు, రెండింటిలో ఏది నిజమని అడిగింది. కంపెనీ తరఫు కన్సల్టెంటు ఇంగ్లీషులో జవాబు మొదలుపెట్టారు. "తెలుగులో చెప్పండి సార్, వెనక మా పెద్దమ్మ వాళ్లు కూడా వింటన్నారు" అంది ఆ అమ్మాయి. జాయింట్ కలెక్టర్ గారు కూడా అదే చెప్పారు. కన్సల్టెంటు తెలుగులో చెప్పడం మొదలుపెట్టగానే జవాబు చాలా చిన్నదైపోయింది: ఇంకా నిర్ణయించలేదు. తన ప్రశ్ననూ, ఆ జవాబునూ సభా వివరాల్లో రాయమని ఆమె కోరింది, చివర్లో చదివినప్పుడు అది ఉందో లేదో చూసుకునే దాకా అక్కడే కూర్చుంది.

ఆ సభలో ఉద్యోగాల గురించి మాట్లాడిన యువకులను నేను తప్పుపట్టను. భూమి పోయిన కుటుంబంలోని కుర్రాడికి ఆ ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి వెళ్లడమే కళ్ల ముందున్న ఒకే ఒక దారి అయినప్పుడు, అతను ముందు దాన్నే అడుగుతాడు. కానీ ఉద్యోగం అడిగే హక్కులో ప్రాణంతో ఇంటికి తిరిగొచ్చే హక్కు కూడా ఉందని గట్టిగా చెప్పాల్సిన కాలం వచ్చింది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా కర్మాగారంలో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. వారిలో అప్పుడప్పుడే చదువు ముగించి ఉద్యోగంలో చేరిన ఇంజనీర్లు, కెమిస్టులు ఉన్నారు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో సిగాచీ కర్మాగారం పేలిపోయినప్పుడు, ఆచూకీ దొరకని వారితో కలిపి 54 మంది ప్రాణాలు పోయాయి. పొట్టకూటి కోసం ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు వారిలో ఎక్కువ. సుస్థిరాభివృద్ధి గురించిన ఉపన్యాసాల్లో యువత అంటే ప్రేక్షకుల్లో కూర్చున్న విద్యార్థులన్నట్టే మాట్లాడతారు. రియాక్టరు పక్కన రాత్రి షిఫ్టులో నిలబడిన ఇరవై నాలుగేళ్ల కెమిస్టు కూడా యువతే. అతని దగ్గర ఉన్నంత సమాచారం మరే సంస్థ దగ్గరా ఉండదు, అతను నోరు విప్పితే పోయేది అతని ఉద్యోగమే.

చట్టం ఈ విషయంలో మౌనంగా ఏమీ లేదు. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన అధ్యాయం, ప్రమాదకర ప్రక్రియల గురించి కార్మికులకే కాక చుట్టుపక్కల ప్రజలకు కూడా సమాచారం ఇవ్వాలని చెప్పింది, ముంచుకొస్తున్న ప్రమాదం గురించి హెచ్చరించే హక్కును కార్మికుడికి ఇచ్చింది. ప్రమాదకర రసాయనాల మీద 1989లో వచ్చిన నిబంధనలు కర్మాగారం లోపల ఆరునెలలకోసారి మాక్ డ్రిల్ జరగాలని, కర్మాగారం వెలుపలి అత్యవసర ప్రణాళికను ఏటా ఒకసారైనా సాధన చేసి చూడాలని, ప్రమాదం జరిగితే ఏం చేయాలో చుట్టుపక్కల వారికి ముందే చెప్పాలని నిర్దేశించాయి. గాలి ఎటు వీస్తుందో చూసుకుని దానికి అడ్డంగా నడవాలన్న మాట, తడిగుడ్డ ముక్కుకు కట్టుకోవాలన్న మాట వెంకటాపురంలో ముందే చెప్పి ఉంటే ఆ చీకట్లో పరుగులు వేరేగా ఉండేవి. మీ ఊళ్లో అలాంటి డ్రిల్ ఎప్పుడు జరిగిందని మా తరగతిలో అడిగితే, పారిశ్రామికవాడల పక్క ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కాగితం చదవడం వల్ల ఏమవుతుందని నిరాశగా అడిగేవారికి నేను సోంపేట పేరు చెబుతాను. శ్రీకాకుళం జిల్లాలో బీల ప్రాంతంలో 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం ప్రతిపాదన వచ్చినప్పుడు, ప్రాజెక్టు పత్రాలు ఆ నేలను ఎందుకూ పనికిరాని భూమిగా చూపించాయి. ఆ నేల చిత్తడి అని, చేపలూ వలస పక్షులూ వరి పంటా దాని మీదే బతుకుతున్నాయని అక్కడి రైతులకు, మత్స్యకారులకు తెలుసు. వాళ్లు పర్యావరణ పరిరక్షణ సంఘంగా ఏర్పడి, కేంద్రంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మ గారి వంటివారి తోడ్పాటుతో ఆ పత్రాలనే ఆధారంగా చేసుకుని పోరాడారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ ప్రాణాలు తిరిగిరావు, ఆ బాధను ఏ విజయమూ కప్పేయలేదు. అయితే ఆ నేల ఈ రోజుకీ చిత్తడిగానే ఉందంటే, పత్రంలో రాసిన మాటకూ కళ్ల ముందున్న నీటికీ మధ్య తేడాను ఊరివాళ్లు పట్టుకుని చూపించడం దానికి ఒక కారణం.

యువత చట్టాన్ని నేరుగా చదివిన సందర్భం కూడా ఒకటి మన కళ్ల ముందే జరిగింది. 2006 నోటిఫికేషన్‌ను మార్చేందుకు 2020 మార్చిలో కేంద్రం విడుదల చేసిన ముసాయిదా, ప్రజాభిప్రాయ సేకరణ గడువును 30 రోజుల నుంచి 20 రోజులకు కుదించాలని, ఆరునెలల నివేదికలను ఏడాదికొకటి చేయాలని, ముందస్తు అనుమతి లేకుండా పని మొదలుపెట్టిన పరిశ్రమలకు తర్వాత అనుమతి ఇచ్చే దారి తెరవాలని ప్రతిపాదించింది. అది చర్చలో ఉండగానే వెంకటాపురం ప్రమాదం జరిగింది. లాక్‌డౌన్‌లో ఇళ్లలో ఉన్న విద్యార్థులు ఆ ముసాయిదాను ముక్కలు ముక్కలుగా చదివి, సొంత భాషల్లో వివరించి, మంత్రిత్వ శాఖకు లక్షల ఉత్తరాలు పంపారు. ముసాయిదాను ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషలన్నింటిలోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న ఆదేశించింది. వాతావరణ మార్పు మీద ఉద్యమిస్తున్న యువజన బృందం ఫ్రైడేస్ ఫర్ ఫ్యూచర్ ఇండియా వెబ్‌సైటును జులైలో నిలిపివేశారు. ఢిల్లీ పోలీసులు ముందు ఉగ్రవాద నిరోధక చట్టమైన ఉపా పేరెత్తి నోటీసు ఇచ్చి, అది పొరపాటున వెళ్లిందని తర్వాత వెనక్కి తీసుకున్నారు. ఉత్తరం రాయడం ఉగ్రవాద చట్టం దాకా ఎలా వెళ్లగలదో ఆ పిల్లలు పదిహేను రోజుల్లో తెలుసుకున్నారు. ఇది చిన్న విషయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ భయం చాలామంది తల్లిదండ్రుల్లో ఇప్పటికీ ఉంది.

ఆ ముసాయిదా తుదిరూపం దాల్చలేదు గానీ, తర్వాత అనుమతి ఇవ్వడమన్న పద్ధతి వేరే ఉత్తర్వుల రూపంలో కొనసాగింది. సుప్రీంకోర్టు 2025 మే 16న వనశక్తి అనే పర్యావరణ సంస్థ వేసిన కేసులో దాన్ని కొట్టివేసింది. అదే ఏడాది నవంబరు 18న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2-1 మెజారిటీతో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. అనుమతి లేదని 2019లో రాసిచ్చిన అఫిడవిట్‌ను గుర్తుంచుకున్న వారికి ఈ వాదన ఎందుకంత ముఖ్యమో వేరే చెప్పనవసరం లేదు.

మా విద్యార్థులతో చేసిన ఇంకో పని గురించి చెప్పాలి. ఒక పరిశ్రమ సమర్పించిన ఆరునెలల నివేదికను తరగతిలో చదివాం. అలాంటి నివేదికలు చూడటానికి పొడిగా ఉంటాయి: ఎడమవైపు షరతు, కుడివైపు "పాటిస్తున్నాము" అన్న జవాబు, పేజీల కొద్దీ అదే వరుస. భూగర్భ జలాల పరీక్ష అన్న షరతు ఎదురుగా మూడు ఊళ్ల పేర్లు, అన్నీ పరిమితుల లోపే ఉన్న అంకెలు ఉన్నాయి. మేం పీహెచ్ విలువలు, కరిగిన లవణాల మోతాదు చర్చిస్తుంటే, ఆ ఊళ్లలో ఒకదాని నుంచి వచ్చే కుర్రాడు చెయ్యెత్తాడు. "ఆ బావి గట్టు మీదుంది మేడమ్, ఫ్యాక్టరీ నీళ్లు అటెక్కవు, మా పల్లం వైపే వస్తాయి" అన్నాడు. మిగతా రెండు బావులు కూడా ఎగువనే ఉన్నాయని పటం గీసి చూపించాడు. నాకు రసాయన శాస్త్రం తెలుసు, నివేదిక రాసిన కన్సల్టెంటుకు నిబంధనలు తెలుసు, ఆ నేల వాలు తెలిసింది మాత్రం ఆ కుర్రాడికే. సుస్థిరాభివృద్ధిలో యువత భాగస్వామ్యం అన్నప్పుడు ఇప్పుడు నా మనసులో మెదిలేది ఆ పటం. దిగువ బావి నీటిని కూడా పరీక్షించాలని కోరుతూ ఊరివాళ్ల సంతకాలతో కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఉత్తరం రాశారు. దిగువ ప్రాంతంలో ఒక నమూనా కేంద్రాన్ని చేర్చమని పరిశ్రమకు సూచించామని కొంతకాలానికి జవాబు వచ్చింది.

ఈ పని కళాశాలలన్నింటిలో జరగడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. పర్యావరణ విద్య డిగ్రీలో తప్పనిసరి అయిందే ఎం.సి. మెహతా వేసిన ఇంకో కేసులో సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన ఆదేశాలతో. ఆ కోర్సులో క్షేత్ర పర్యటన ఉంది, ఇప్పుడది జంతు ప్రదర్శనశాలకు వెళ్లి రావడంతోనో, ఇంటర్నెట్ నుంచి తీసిన బొమ్మల ప్రాజెక్టు పుస్తకంతోనో ముగుస్తోంది. దాని స్థానంలో ఒక్కో జట్టుకు దగ్గర్లోని ఒక పరిశ్రమ అనుమతి పత్రం, తాజా ఆరునెలల నివేదిక ఇచ్చి, అందులో పది షరతులు నిజంగా అమలవుతున్నాయో లేదో బయటి నుంచి చూడగలిగినంత మేరకు చూసి రాయమంటే చాలు. పచ్చదనం వాటా, నీటి వనరు, గేటు దగ్గరి డిస్‌ప్లే బోర్డు, వర్షపు నీటి కాలువ ఎక్కడ కలుస్తుందన్నది, ఊళ్లో చివరి మాక్ డ్రిల్ జరిగిన తేదీ వంటివి చూడటానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. దొరకని పత్రానికి సమాచార హక్కు చట్టం ఉంది, దరఖాస్తుకు పది రూపాయల రుసుము.

అధ్యాపకులుగా మనకు రెండు బాధ్యతలు ఉన్నాయని అనుకుంటున్నాను. క్యాంపస్ నియామకాలకు వచ్చే కంపెనీనే ప్రశ్నిస్తే తమ పేరు ఎక్కడో రాసి పెట్టుకుంటారన్న భయం విద్యార్థులకు ఉంటుంది, అది ఊహించుకున్న భయం కాదు. అందుకే ఉత్తరం మీద విద్యార్థి పేరు కాకుండా కళాశాల విభాగం పేరు, అధ్యాపకుల సంతకం ఉండాలి. రెండోది భాష. ప్రభావ అంచనా నివేదిక సారాంశమైనా తెలుగులో వస్తోంది, ఆరునెలల నివేదికలు మాత్రం ఇంగ్లీషులోనే ఉంటున్నాయి. షరతుల పట్టికను తెలుగులో పంచాయతీ కార్యాలయం నోటీసు బోర్డు మీద పెట్టమని కాలుష్య నియంత్రణ మండలి ఒక్క సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది. అది వచ్చే దాకా ఆ అనువాదం మా తెలుగు విభాగం, కెమిస్ట్రీ విభాగం విద్యార్థులు కలిసి చేస్తున్నారు. మొదటి పట్టిక ఆ పల్లం ఊరిదే, పంచాయతీ కార్యదర్శి గారు గ్రామసభలో చదివి వినిపించడానికి ఒప్పుకున్నారు. డిసెంబరు 1 నాటి నివేదికలో దిగువ బావి అంకెలు వస్తే వాటినీ అందులో చేరుస్తాం, రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఈసారి విభాగం అధ్యాపకుల పేరుతో వెళ్తుంది.